థాలిడోమైడ్: ఆధారం అడిగినవారి చరిత్ర

వేవిళ్ళతో నీరసించిన గర్భిణికి మందు రాసేటప్పుడు ఏ వైద్యుడి కలమైనా ఒక్క క్షణం ఆగుతుంది. నెలలు ఎన్ని నిండాయి, ఈ మందు బిడ్డకు చేరుతుందా, చేరితే ఏమవుతుంది అన్న ఆలోచన అప్రయత్నంగా వస్తుంది. ఈ జాగ్రత్త వైద్యశాస్త్రానికి మొదటినుంచీ ఉన్నది కాదు. 1961 వరకు చాలామంది వైద్యులు మాయను ఒక కోటగోడలా భావించారు. తల్లి మింగినది బిడ్డను తాకదని నమ్మారు. ఆ నమ్మకాన్ని పడగొట్టినది థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర.

వైద్య విద్యార్థులందరూ దాని గురించి ఒక పేరా చదువుతారు. చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడని శిశువుల ఛాయాచిత్రం ఒకటి చూస్తారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా రాస్తారు. ఆ మందు చుట్టూ అల్లుకున్న కాగితాల చరిత్ర మాత్రం పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. కంపెనీల దరఖాస్తులు, వైద్య పత్రికల్లో వచ్చిన వ్యాసాలు, సంపాదకులకు రాసిన లేఖలు, వాటి కింద ఉన్న పేర్లు, ఉండవలసి ఉండీ లేని పేర్లు. ఇవన్నీ ఆ చరిత్రలో భాగమే. శాస్త్రంలో నిజాయితీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఈ కాగితాలే.

పశ్చిమ జర్మనీలోని గ్రూనెంతాల్ అనే కంపెనీ 1957 అక్టోబరు 1న ఈ మందును కాంటెర్గాన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. అప్పటి నిద్రమాత్రలు ఎక్కువగా బార్బిట్యురేట్లు. అవి మోతాదు మించితే ప్రాణం తీసేవి. థాలిడోమైడ్‌ను ఎంత ఇచ్చినా ప్రయోగశాలలోని ఎలుకలు చనిపోలేదు. దానితో ఇంతకంటే సురక్షితమైన మందు లేదన్న ప్రచారం మొదలైంది. జర్మనీలో డాక్టరు చీటీ లేకుండానే అమ్మారు. 1958లో బ్రిటన్‌లో డిస్టావల్ పేరుతో వచ్చింది. కొద్ది ఏళ్ళలో నలభైకి పైగా దేశాలకు పాకింది. నిద్రకే కాక గర్భిణుల వేవిళ్ళకు కూడా వాడసాగారు. గర్భిణుల మీద దాని ప్రభావాన్ని ఎవరూ సరిగా పరీక్షించలేదు.

1960 సెప్టెంబరులో సిన్సినాటీ నగరంలోని మెరెల్ కంపెనీ అదే మందును కెవడాన్ పేరుతో అమ్ముకొనేందుకు అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థకు దరఖాస్తు పెట్టింది. ఐరోపా అంతా వాడుతున్న మందు కాబట్టి సులువైన పని అనుకొని, నెల క్రితమే ఉద్యోగంలో చేరిన ఫ్రాన్సెస్ కెల్సీ అనే వైద్యురాలికి ఆ దస్త్రాన్ని అప్పగించారు. అప్పటి చట్టం ప్రకారం 60 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అనుమతి దానంతట అదే వచ్చినట్టు. మౌనమే అంగీకారమన్న మాట.

ఈ కెల్సీ ఎవరో కొంత చెప్పుకోవాలి. ఆమె 1914లో కెనడా పడమటి తీరాన వాంకోవర్ దీవిలో పుట్టారు. మెగిల్ విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్రం చదివారు. 1936లో షికాగో విశ్వవిద్యాలయంలో కొత్తగా విభాగం పెడుతున్న ప్రొఫెసర్ గైలింగ్‌కు పరిశోధన చేసే అవకాశం కోరుతూ ఉత్తరం రాశారు. ఉపకారవేతనంతో సహా చోటు ఇస్తామని వెంటనే జవాబు వచ్చింది. అయితే ఆ ఉత్తరంలో సంబోధన 'మిస్టర్ ఓల్డ్‌హామ్' అని ఉంది. ఓల్డ్‌హామ్ అనేది ఆమె పుట్టింటి పేరు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడాతో ఫ్రాన్సెస్ అన్న పేరు మగవారికీ ఉంటుంది. తాను స్త్రీనని చెప్పి సరిదిద్దాలా అని ఆమె తన గురువును అడిగారు. అవసరం లేదు, ఒప్పుకొంటున్నట్టు రాసి, సంతకం పక్కన 'మిస్' అని చేర్చి వెళ్ళమని ఆయన సలహా ఇచ్చారు. తన పేరు ఎలిజబెత్ అనో, మేరీ అనో అయి ఉంటే ఆ తలుపు తెరుచుకునేదా అని ఆమె జీవితాంతం అనుకుంటూనే ఉన్నారు. గైలింగ్‌కు స్త్రీ శాస్త్రవేత్తల మీద పెద్ద నమ్మకం లేదని తరువాత ఆమెకే తెలిసింది. వేల కుటుంబాలను ఒక విపత్తు నుంచి కాపాడిన మనిషి శాస్త్రరంగంలో అడుగుపెట్టడం చదివినవారి పొరపాటు మీద ఆధారపడింది. పొరపాటు జరగని ఉత్తరాల సంగతి చరిత్రకు ఎక్కదు.

షికాగోలో చేరిన మరుసటి ఏడే, 1937లో, ఆమె ఒక ఔషధ విషాదాన్ని దగ్గరగా చూశారు. మసెంగిల్ అనే కంపెనీ సల్ఫానిలమైడ్ మందును తియ్యని ద్రవంగా చేయడానికి డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మింది. నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది చిన్నపిల్లలు. చంపినది మందు కాదు, దానిని కరిగించిన ద్రవం అని జంతువుల మీద నిరూపించిన బృందం గైలింగ్‌ది. విద్యార్థినిగా ఆమె ఆ పనిలో పాల్గొన్నారు. 1938 నాటి అమెరికా ఔషధ చట్టం ఈ మరణాల నుంచే పుట్టింది. (ఆ ద్రవం పేరు మన పత్రికలకు కొత్త కాదు. 2022లో గాంబియాలో మన దేశం నుంచి వెళ్ళిన దగ్గుమందు వల్ల, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పిల్లలు చనిపోయినప్పుడు వినిపించినది ఇదే. ఎనభై ఎనిమిదేళ్ళ తరువాత!) రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మలేరియా మందుల మీద పనిచేస్తూ, పెద్ద కుందేలు శరీరం క్వినైన్‌ను విరిచి వేయగలుగుతున్నా గర్భంలోని పిండం ఆ పని చేయలేదని ఆమె గమనించారు. పిండం చిన్న సైజు మనిషి కాదన్న సంగతి ఆమెకు పుస్తకజ్ఞానం కాదు, స్వయంగా చూసిన విషయం.

అందుచేత కెవడాన్ దస్త్రంలో ఆమెకు లోపాలు కనిపించాయి. మనుషులను నిద్రపుచ్చే ఈ మందు జంతువులను అదే విధంగా నిద్రపుచ్చడం లేదు. జంతువులకు అది సరిగా ఒంటబట్టకపోతే, విషలక్షణం లేదని చెప్పడంలో అర్థమేమిటి? వైద్యుల నివేదికలలో చాలా భాగం పరిశోధనలు కావు, యోగ్యతాపత్రాలు. 'ఇచ్చాము, బాగుంది' అన్నవే. సమాచారం చాలదని ఆమె దరఖాస్తును తిప్పి పంపారు. గడువు మళ్ళీ మొదలైంది. కంపెనీ మరికొన్ని కాగితాలు పంపింది. ఆమె మళ్ళీ తిప్పి పంపారు. కంపెనీ ప్రతినిధి కార్యాలయానికి రావడం, ఫోన్లు చేయడం, ఉత్తరాలు రాయడం కలిపి సుమారు యాభై సార్లు జరిగింది. ఆమె మొండి మనిషి, అర్థంలేని అడ్డంకులు పెడుతున్నదని పై అధికారులకు ఫిర్యాదులు వెళ్ళాయి. ఆ అధికారులు ఆమె పక్షాన నిలబడ్డారు. ఇది కూడా చెప్పుకోవలసిన సంగతే.

ఇక్కడ ఒక చిన్న ఉత్తరం ప్రవేశిస్తుంది. స్కాట్లాండులో లెస్లీ ఫ్లారెన్స్ అనే సాధారణ వైద్యుడు థాలిడోమైడ్‌ను నెలల తరబడి వాడిన తన రోగులు నలుగురిలో కాళ్ళు చేతులు తిమ్మిరెక్కడం, మంటలు, చల్లబడటం గమనించాడు. మందు ఆపిస్తే కొంత తగ్గింది. ఆ నాలుగు అనుభవాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంపాదకుడికి రాశాడు. ఆ ఉత్తరం 1960 డిసెంబరు 31 సంచికలో వచ్చింది. పెద్ద పరిశోధన లేదు, గణాంకాలు లేవు, నిధులు లేవు. చూసినది చూసినట్టు రాసి, ఇది ఈ మందు వల్లనేనా అని అడిగాడు, అంతే. 1961 ఫిబ్రవరిలో కెల్సీ ఆ ఉత్తరం చదివారు. నరాలు దెబ్బతింటున్న సంగతి కంపెనీకి తెలిసి ఉండీ ఎందుకు చెప్పలేదని ఆమె మే నెలలో నిలదీశారు. పెద్దవారి నరాలనే దెబ్బతీసే మందు గర్భంలో పెరుగుతున్న శిశువును ఏం చేస్తుందో చూపమన్నారు. కంపెనీ చూపలేకపోయింది.

చూపలేకపోయినదానికి బదులుగా ఒక వ్యాసం వచ్చింది. ఈ భాగం చదివినప్పుడు నాకు కలిగే కోపం ఇన్నేళ్ళకూ తగ్గలేదు. 1961 జూన్‌లో అమెరికాలోని ఒక పేరున్న ప్రసూతి వైద్య పత్రికలో, సిన్సినాటీకి చెందిన రే నల్సన్ అనే ప్రసూతి వైద్యుడి పేరుతో ఒక పరిశోధనా పత్రం అచ్చయింది. గర్భిణులకు చివరి నెలల్లో థాలిడోమైడ్ ఇచ్చి చూశామని, బిడ్డలకు హాని లేదని దాని సారాంశం. అనంతరం న్యాయవాదుల ప్రశ్నలకు ప్రమాణం మీద జవాబిస్తూ ఆ వైద్యుడు ఒప్పుకొన్నది వేరు. వ్యాసం రాసినది తాను కాదు, మెరెల్ కంపెనీ వైద్య విభాగాధిపతి. రోగుల వివరాలు ఫోనులోనో, భోజనాల దగ్గరో, గోల్ఫ్ ఆడుతున్నప్పుడో నోటిమాటగా చెప్పినవి. అందులో ఉటంకించిన జర్మన్ వ్యాసాలను ఆయన చదవలేదు.

వ్యాసంలోని శాస్త్రం కూడా ఎంత డొల్లదో గమనించాలి. శిశువు చేతులు, కాళ్ళు, చెవులు రూపుదిద్దుకునేది గర్భం నిలిచిన తరువాత సుమారు 20వ రోజు నుంచి 36వ రోజు మధ్య. తాను గర్భవతినని స్త్రీకి రూఢిగా తెలియని రోజులవి. ఆ వ్యవధిలో ఒక్క మాత్ర చాలు. అవయవాలన్నీ ఏర్పడిన తరువాత ఏడో నెలలోనో, ఎనిమిదో నెలలోనో మందు ఇచ్చి హాని లేదనడం, పంట కోసిన తరువాత చేనులో మేకలను తోలి మేకలు పైరు మేయవని చెప్పడం వంటిది. వ్యాసాన్ని చదివి ఆమోదించిన సంపాదకులకు ఈ తేడా తట్టలేదు. నల్సన్ పేరు, పత్రిక పేరు ఆ డొల్లతనాన్ని కప్పివేశాయి.

అప్పటికే జర్మనీలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ప్రసూతి గదులలో భుజానికే వేళ్ళు అంటుకున్నట్టున్న శిశువులు పుడుతున్నారు. హాంబర్గ్‌లో విడుకిండ్ లెంజ్ అనే శిశువైద్యుడు తల్లులను ఒక్కొక్కరినే కలిసి ఏమేమి మందులు వాడారో విచారించి, 1961 నవంబరు మధ్యలో కంపెనీకి చెప్పాడు. కంపెనీ కదలలేదు. నవంబరు 26న ఒక ఆదివారం వార్తాపత్రిక ఈ విషయాన్ని బయటపెట్టాక కదిలింది. అప్పుడు జర్మనీలో మందు అమ్మకం ఆగింది. డిసెంబరు 16న లాన్సెట్ పత్రికలో సిడ్నీ నగర ప్రసూతి వైద్యుడు విలియం మెక్‌బ్రైడ్ రాసిన చిన్న ఉత్తరం వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా శిశువులు దెబ్బతిన్నారని అంచనా. వారిలో చాలామంది పసితనంలోనే పోయారు.

అమెరికాలో అనుమతి రాలేదు. 1962 మార్చిలో మెరెల్ దరఖాస్తును ఉపసంహరించుకుంది. అయినా, పరిశోధన పేరుతో ఆ కంపెనీ అంతకుముందే వెయ్యిమందికి పైగా వైద్యులకు 25 లక్షల దాకా మాత్రలు పంచిపెట్టింది. సుమారు 20 వేలమంది రోగులు వాటిని వాడారు. తాము మింగుతున్నది పరీక్షలో ఉన్న మందని వారిలో చాలామందికి తెలియదు. అక్కడ లెక్కకు వచ్చిన బాధిత శిశువులు 17 మంది.

ఆ జర్మన్ శిశువులను స్వయంగా చూసి వచ్చి అమెరికా వైద్యులకు, చట్టసభకు చెప్పినవారు హెలెన్ టౌసిగ్. జాన్స్ హాప్కిన్స్‌లో పిల్లల గుండె జబ్బుల నిపుణురాలు. యౌవనంలో హార్వర్డ్‌లో తరగతులకు రానిచ్చారు గానీ స్త్రీ కనుక పట్టా ఇవ్వబోమన్నారు. నీలిబిడ్డల శస్త్రచికిత్సకు ఆమె పేరు, బ్లేలాక్ పేరు కలిపి పెట్టారు. ఆ శస్త్రచికిత్సను ప్రయోగశాలలో కుక్కల మీద సాధించిన నల్లజాతి సహాయకుడు వివియన్ థామస్ పేరు మాత్రం 1945 నాటి పరిశోధనా పత్రంలో లేదు. ఒకచోట అన్యాయానికి గురైనవారి పేరుతోనే ఇంకొకచోట మరొకరి పేరు మరుగున పడటం శాస్త్రచరిత్రలో అరుదు కాదు. సిడ్నీ విషయంలోనూ, మెక్‌బ్రైడ్ కంటే ముందు థాలిడోమైడ్‌ను అనుమానించినది అదే ఆసుపత్రిలోని నర్సు పాట్ స్పారో అని అనంతర కథనాలు చెబుతున్నాయి. లాన్సెట్ ఉత్తరం కింద ఉన్నది ఒక్క పేరే.

1962 జులైలో వాషింగ్టన్ పోస్ట్ కెల్సీ కథను ప్రచురించింది. ఆగస్టు 7న అధ్యక్షుడు కెనడీ ఆమెకు పతకం ఇచ్చాడు. అక్టోబరులో కొత్త చట్టం వచ్చింది. మందు సురక్షితమని మాత్రమే కాక పనిచేస్తుందని కూడా సరైన పరిశోధనలతో నిరూపించాలి. ప్రయోగంలో పాల్గొనేవారికి ముందుగా చెప్పి సమ్మతి తీసుకోవాలి. కాలం గడిస్తే అనుమతి వచ్చినట్టే అన్న పద్ధతి పోయింది. కెల్సీ 2005లో 90 ఏళ్ళ వయసులో విరమించేవరకు అదే సంస్థలో పనిచేశారు. అందులో చాలా కాలం ఆమె చేసిన పని, మందుల ప్రయోగాలు చేస్తున్న వైద్యుల దగ్గరకు తనిఖీ బృందాలను పంపి, రోగులు నిజంగా ఉన్నారా, రాసిన అంకెలు నిజమా అని చూపించడం. గోల్ఫ్ మైదానంలో నోటిమాటగా చెప్పిన లెక్కలకు ఆమె ఇచ్చిన జవాబు అది.

మెక్‌బ్రైడ్ కథ మరోదారి పట్టింది. ఆయనకు ప్రపంచఖ్యాతి, బహుమతులు వచ్చాయి. ఆ పేరుతో సిడ్నీలో ఫౌండేషన్ 41 అనే పరిశోధనా సంస్థను స్థాపించాడు. గర్భంలోని నలభై వారాలు, పుట్టిన తరువాత మొదటి వారం కలిపి 41. ఆయన దృష్టి తరువాత డెబెండాక్స్ మీద పడింది. అది కూడా వేవిళ్ళ మందే, మెరెల్ కంపెనీదే. దానిలో ఒకప్పుడు ఉన్న పదార్థాన్ని పోలిన హయోసిన్ వల్ల పిండానికి హాని కలుగుతుందని చూపడానికి కుందేళ్ళ మీద ప్రయోగం చేయించాడు. ఫిల్ వార్డీ, జిల్ ఫ్రెంచ్ అనే ఇద్దరు యువ పరిశోధకులు ఆ పని చేశారు. ఫలితాలలో చెప్పుకోదగినది ఏమీ లేదు. 1982లో ఒక ఆస్ట్రేలియన్ పత్రికలో ఆ ముగ్గురి పేర్లతో వ్యాసం అచ్చయింది. అందులో కుందేళ్ళ సంఖ్య, మందు మోతాదులు మారిపోయి ఉన్నాయి. తమ పేర్లు ఉన్న వ్యాసాన్ని ఆ ఇద్దరూ చూసినది అచ్చయిన తరువాతే.

వార్డీ నిలదీశాడు. ఫలితం లేక ఉద్యోగం వదులుకున్నాడు. ప్రపంచం మొక్కే వైద్యుడు ఒకవైపు, పేరులేని సహాయకులు ఒకవైపు. ఐదేళ్ళు ఎవరూ వినిపించుకోలేదు. 1987 డిసెంబరులో ఆస్ట్రేలియా రేడియోలో నార్మన్ స్వాన్ అనే పాత్రికేయుడు ఈ సంగతిని ప్రసారం చేశాడు. ఆయనా చదువు చేత వైద్యుడే. మాజీ ప్రధాన న్యాయమూర్తి హ్యారీ గిబ్స్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం మెక్‌బ్రైడ్ శాస్త్రీయ మోసానికి పాల్పడ్డాడని 1988లో తేల్చింది. 1993లో ఆయన పేరును వైద్యుల జాబితా నుంచి తొలగించారు.

డెబెండాక్స్ సంగతి ఏమైంది? వ్యాజ్యాల ఖర్చు భరించలేక కంపెనీ 1983లో దానిని అమ్మకం నుంచి తీసివేసింది. లక్షలమంది గర్భిణుల మీద చేసిన పరిశీలనల్లో శిశువులకు హాని కనిపించలేదు. అదే కూర్పును, అంటే డాక్సిలమీన్, బి6 విటమిన్ కలిసిన మాత్రను, 2013లో అమెరికా మళ్ళీ అనుమతించింది. మన దేశంలో వేవిళ్ళకు వైద్యులు మామూలుగా రాసే మాత్ర ఇదే. మొదటి మందు విషయంలో కంపెనీ అంకెలను కల్పించింది, రెండో దానిలో కంపెనీని వేలెత్తి చూపినవాడే కల్పించాడు. ముప్పై ఏళ్ళు అమెరికా గర్భిణులకు పనికివచ్చే మందు ఒకటి అందకుండా పోయింది. మంచి ఉద్దేశం కోసం చేసిన మోసం తక్కువ మోసమని ఎవరైనా వాదిస్తే నేను ఒప్పుకోను.

ఇలాంటివాటిని అడ్డుకునేందుకు ప్రయోగం మొదలుపెట్టకముందే దాని వివరాలను అందరూ చూడగలిగే చోట నమోదు చేయాలన్న నియమం ఆలస్యంగా వచ్చింది. మన దేశంలో ఇటువంటి రిజిస్ట్రీ 2007 జులైలో మొదలై, 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి అయింది. ఎంతమంది మీద, ఏ మోతాదులో, ఏమి చూడదలచారో ముందే రాసి ఉంటే కుందేళ్ళ సంఖ్యను గానీ మనుషుల సంఖ్యను గానీ తరువాత మార్చడం అంత సులువు కాదు.

థాలిడోమైడ్ నేర్పిన పాఠాన్ని ఒక విషయంలో తలకిందులుగా చదువుకున్నారు. 1977లో అమెరికా ఔషధ సంస్థ, పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలను మందుల తొలిదశ ప్రయోగాల నుంచి మినహాయించాలని మార్గదర్శకం ఇచ్చింది. పెళ్ళికానివారినీ, గర్భనిరోధక సాధనాలు వాడుతున్నవారినీ వదలలేదు. స్త్రీలను కాపాడాలన్నది ఉద్దేశం. జరిగింది మాత్రం మందులను పురుషుల మీద పరీక్షించి, అదే మోతాదును స్త్రీలకు అంటగట్టడం. ఆ నిషేధం 1993 దాకా సాగింది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర 1992లో వచ్చింది. స్త్రీల శరీరం దానిని నెమ్మదిగా వదిలించుకుంటుంది కనుక మర్నాడు ఉదయం కారు నడిపేవేళకు కూడా మత్తు మిగిలి ఉంటున్నదని, స్త్రీలకు మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించాలని ఆ సంస్థ ఆదేశించింది 2013లో. ఇరవై ఏళ్ళు స్త్రీలు రెట్టింపు మందు మింగారు.

గర్భిణుల పరిస్థితి ఇంకా వెనుకబడి ఉంది. 2020లో కోవిడ్ టీకాల ప్రధాన ప్రయోగాలలో గర్భిణులను చేర్చుకోలేదు. 2021 జనవరిలో మన దేశంలో టీకాలు మొదలైనప్పుడు గర్భిణులకు వేయవద్దన్నారు. హాని తెలిసి కాదు, సమాచారం లేక. ఏప్రిల్, మే నెలల్లో రెండో అల వచ్చింది. గర్భిణులకు టీకా వేయవచ్చని కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చినది జులై 2న, ఆ అల వెనక్కి తగ్గాక.